ఐలీన్ గారి అమ్మమ్మ సమాధి దగ్గర

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎవరైనా ఆ కబుర్లు మొదలుపెడితే నాకు భయం వేయదు, విసుగొస్తుంది. ఆ విసుగు మా నాన్న నుంచి వచ్చింది. ఆయన నరసాపురంలో లెక్కల మాస్టారు, చర్చి సంఘంలో పెద్ద. పిల్లల్లో ఎవరైనా పెరట్లో ఏదో ఉందని అంటే చేతికి టార్చి ఇచ్చి, వెళ్లి చూసి రమ్మనేవారు. వెళ్లి చూస్తే ఏ బాదం ఆకో కదులుతూ ఉండేది.

ఇప్పుడు కెనడాలో, ఒట్టావా పక్కనున్న కనాటాలో ఒక టెలికాం కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. తప్పు ఎక్కడుందో, ఎందుకొచ్చిందో పట్టుకోవడమే నా పని. కారణం దొరకకపోతే నాకు అన్నం సహించదు. అలాంటిదాన్ని, కారణం దొరకని సంగతి ఒకటి రాయడానికి కూర్చున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను. మీకేమైనా తోస్తే మంచిదే.

ఐలీన్ గారు మా పక్కింటావిడ. ఎనభై దాటాయి. మేం ఇక్కడ ఇల్లు కొన్న మొదటి చలికాలం, ఇంటి ముందు డ్రైవ్‌వే మీద మంచుని నేను చేటతో బియ్యం ఎత్తినట్టు జాగ్రత్తగా ఎత్తుతుంటే కిటికీలోంచి చూసి బయటికొచ్చి, నా చేతిలోంచి పార తీసుకుని, నడుం పట్టేయకుండా ఎలా తొయ్యాలో చూపించారు. అప్పటికే ఆవిడకి డెబ్బై అయిదు పైన. తనని పేరు పెట్టే పిలవమంటారు. నేను పిలుస్తాను కూడా. కానీ అది వింటే మా అమ్మకి ఒళ్లు మండుతుంది. అందుకని రాతలో అయినా గారు పెడుతున్నాను.

నాన్న పోయాక అమ్మని, తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద తెచ్చుకున్నాను. అమ్మకి ఇంగ్లీషు రాదు. ఐలీన్ గారికి తెలుగు ఎలాగూ రాదు. అయినా రోజూ మధ్యాహ్నం ఇద్దరూ కలిసి టీ తాగుతారు. ఐలీన్ గారిది ఐరిష్ కుటుంబం. వాళ్ల టీ కూడా మనలాగే చిక్కగా, పాలతో ఉంటుంది. ఆ టీ తోనే స్నేహం కుదిరింది. అమ్మ తెలుగులో చెబుతుంది, ఆవిడ ఇంగ్లీషులో జవాబిస్తారు. నేను ఇంట్లో నుంచి పని చేసే రోజుల్లో వింటూ ఉంటాను. సగం సార్లు ఇద్దరూ వేరే వేరే విషయాలు మాట్లాడుకుంటూ ఉంటారు, కానీ ఇద్దరికీ తృప్తిగానే ఉంటుంది.

కిందటేడాది వేసవిలో ఐలీన్ గారు నన్ను ఒక సాయం అడిగారు. ఆవిడకి కంటి మధ్యలో చూపు తగ్గిపోతోంది. అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. క్రిస్మస్ వెళ్లగానే ఇల్లు అమ్మేసి కాల్గరీలో కొడుకు దగ్గరికి వెళ్లిపోవాలి. వెళ్లేలోపు వాళ్ల అమ్మమ్మ సమాధి ఎక్కడుందో కనుక్కోవాలి.

అమ్మమ్మ పేరు నోరా. ఐర్లండు నుంచి చిన్న వయసులో వచ్చి, ఒట్టావా నదికి ఎగువన ఒక పల్లెలో డూలన్ అనే అతన్ని పెళ్లి చేసుకుంది. ఐలీన్ గారి అమ్మ మార్గరెట్‌కి నాలుగేళ్లప్పుడు చనిపోయింది. తండ్రి కలప నరికే క్యాంపులకి వెళ్లిపోయాడు. మార్గరెట్ ఎవరింట్లోనో పెరిగింది. నీ తల్లి జ్వరంతో పోయిందని చెప్పారు తప్ప, ఎక్కడ పాతిపెట్టారో ఎవరూ చెప్పలేదు. ఆ దిగులు ఆమెని చివరిదాకా వదల్లేదట. మంచం మీద ఉన్నప్పుడు కూతురి చేయి పట్టుకుని, మా అమ్మకి ఒక రాయి వేయించు, దాని మీద పేరు రాయించు అని అడిగింది. ఐలీన్ గారు సరేనన్నారు. ఇల్లు, పిల్లలు, భర్త జబ్బు అంటూ ఏళ్లు గడిచిపోయాయి. ఇప్పుడు చూపు పోతోంది, ఊరు మారుతున్నారు. ఇదంతా చెబుతూ ఆవిడ ఏడవలేదు. టీ కప్పు మాత్రం చల్లారిపోయేదాకా చేతిలోనే ఉంచుకున్నారు.

ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరం లాప్‌టాప్ ముందు కూర్చునేవాళ్లం. పాత చర్చి రిజిస్టర్లు చాలావరకు ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టారు. చేతిరాత, సగం లాటిన్, వెలిసిపోయిన సిరా. నేను చదివేదాన్ని, ఆవిడ కళ్లు మూసుకుని వినేవారు. పెళ్లి దొరికింది. మార్గరెట్ బాప్తిస్మం దొరికింది. అందులో నోరా పుట్టింటి పేరు కూడా ఉంది, హెగర్టీ.

ఐర్లండులో క్లేర్ అనే జిల్లా వరకు వెళ్లాక చిక్కు వచ్చింది. దగ్గర దగ్గర ఊళ్లలో, దగ్గర దగ్గర ఏళ్లలో ముగ్గురు నోరా హెగర్టీలు. ఎవరు మనవాళ్లు? అప్పుడు ఐలీన్ గారు ఒక మాట చెప్పారు. వాళ్లలో మొదటి ఆడపిల్లకి తల్లి తల్లి పేరు పెట్టడం ఆనవాయితీ. నాకు నవ్వొచ్చింది. నాకున్నది మా నాయనమ్మ పేరే. మన ఇళ్లలో ఇది ఒకరు చెప్పాల్సిన సంగతా? ముగ్గురు నోరాల్లో ఒక్కదాని తల్లి పేరే మార్గరెట్. అంతే, ఒక ఊరి పేరు, ఒక తండ్రి, ఒక తల్లి, నీళ్లు చల్లినప్పుడు పక్కన నిలబడ్డ ఇద్దరు సాక్షులు, అన్నీ దొరికాయి. ఐలీన్ గారు ఆ ఊరి పేరు పైకి అని చూసుకున్నారు, మళ్లీ మళ్లీ అన్నారు. అమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఏంటే, దొరికిందా?" అంది. దొరికిందన్నాను. అమ్మ ఆవిడ తల మీద చేయి పెట్టి ప్రార్థన చేసింది.

చావు మాత్రం దొరకలేదు. ఆ పల్లె చర్చి సమాధుల రిజిస్టర్ పేజీలన్నీ చూశాను. నోరా డూలన్ అనే పేరు లేదు. సెప్టెంబరు అయిపోయింది, అక్టోబరు అయిపోయింది. ఐలీన్ గారి ఇంటి ముందు అమ్మకపు బోర్డు పాతారు. ఇక చేసేది లేక, ఆ ఊరి శ్మశానానికే వెళ్లి రాళ్లన్నీ చూసొద్దాం అనుకున్నాం.

నవంబరు మొదటి శనివారం కుదిరింది. అమ్మ కూడా బయల్దేరింది. మాకు నవంబరు రెండున సమాధుల పండుగ. మా వైపు క్రైస్తవులు ఆ రోజుకి ముందే వెళ్లి తమవాళ్ల సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పెట్టి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగిస్తారు. నాన్న పోయాక అమ్మ ఆ పండక్కి ఊళ్లో లేకపోవడం అదే మొదటిసారి. పైకి ఏమీ అనలేదు. కారులో ఒక సంచీ పెట్టుకుంది. దాంట్లో నీళ్ల సీసాలు, పీచు, కొవ్వొత్తులు, షాపులో కొన్న చామంతి కుండీ, బిస్కెట్ పాకెట్ ఉన్నాయి. "ఎవరివో సమాధులమ్మా అవి, మనం ముట్టుకోకూడదు" అన్నాను. "ఊరికే తెచ్చాలే" అంది.

ఆ బిస్కెట్ల సంగతి చెప్పాలి. నా కంటే ముందు అమ్మకి ఒక మగపిల్లాడు పుట్టి, మూడో రోజున పోయాడు. పేరు కూడా పెట్టలేదు. శ్మశానంలో కాలువ గట్టు వైపు పాతిపెట్టారు. తర్వాత గట్టు వెడల్పు చేశారు, ఆ చోటు పోయింది. ప్రతి సమాధుల పండక్కి అమ్మ అందరి సమాధులూ కడిగాక, ఆ గట్టు వైపు వెళ్లి ఒక బిస్కెట్టు పెట్టి వచ్చేది. చిన్నప్పుడు ఎందుకని అడిగితే, "చీమలకేలే" అనేది.

నది వెంబడి పడమరగా గంట పైన డ్రైవ్ చేసి చేరాం. పట్టపగలు. ఎండ పల్చగా ఉంది, గాలి చల్లగా కోస్తోంది. చర్చి ఎప్పుడో మూసేశారు. పక్కన శ్మశానం, చుట్టూ ఇనప తీగల కంచె, ఒకటే గేటు. దాన్ని చూసుకునే గ్లెన్ అనే ముసలాయన మాకోసం వచ్చాడు. ఆయన ట్రక్కు, నా కారు తప్ప అక్కడ ఇంకో బండి లేదు. పాత భాగంలో ఎవరి సమాధి ఎక్కడుందో చూపే ప్లాన్ లేదని, చాలా సమాధులకి చెక్క శిలువలే ఉండేవని, అవి పుచ్చిపోయాయని ముందే చెప్పాడు. డూలన్ పేరున్న రాళ్లు గేటు దగ్గర కొన్ని ఉన్నాయని అటు తీసుకెళ్లాడు. నేనూ ఐలీన్ గారూ ఒక్కొక్క రాయీ చూస్తూ వెళ్లాం. నేను చదవడం, ఆవిడ తల అడ్డంగా ఊపడం. నోరా లేదు.

చివరి రాయి దగ్గర ఆవిడ నిలబడిపోయారు. "ఇక చాలు, నువ్వు చేయగలిగిందంతా చేశావు" అన్నారు. అమ్మ కోసం చుట్టూ చూశాను. కనిపించలేదు.

దూరంగా కంచె మూల, ఆకులు రాలిన ఒక మేపుల్ చెట్టు అవతల, మోకాళ్ల మీద కూర్చుని ఉంది. పరుగులాంటి నడకతో వెళ్లాను. అమ్మ స్వెట్టర్ చేతులు పైకి మడుచుకుని, నేలలో సగం కూరుకుపోయిన ఒక మామూలు రాయిని పీచుతో తోముతోంది. పేరూ లేదు, అక్షరమూ లేదు. దాని పక్కనే ఇటుకంత చిన్న రాయి ఇంకొకటి. దాన్ని అప్పటికే కడిగేసింది. పెద్ద రాయి దగ్గర చామంతి కుండీ, ఒక కొవ్వొత్తి. చిన్న రాయి దగ్గర విరిచిన కొవ్వొత్తి ముక్క, ఒక బిస్కెట్టు.

నాకు తల కొట్టేసినట్టయింది. వెనకాలే గ్లెన్, ఐలీన్ గారు వస్తున్నారు. "ఏంటమ్మా ఇది? ఎవరిదో ఏంటో" అన్నాను.

అమ్మ తల ఎత్తలేదు. "ఆవిడే కదే పిలిచింది."

"ఎవరు?"

"ఇక్కడే నుంచుంది. ప్రార్థనకొచ్చినట్టు ముసుగేసుకుంది. మనవాళ్లెవరో అనుకున్నా. ఇలా రమ్మంది" అని చేత్తో చూపించింది. "వచ్చేసరికి లేదు. చంటిపిల్లని ఎత్తుకుంది కూడాను. అందుకే చిన్నది వెలిగించా."

గ్లెన్‌ని అడిగాను, ఇక్కడికి ఇంకెవరైనా వచ్చారా అని. ఎవరూ రాలేదు, వస్తే గేటు దగ్గర నన్ను దాటుకునే రావాలి అన్నాడు. అమ్మ ఏమంటోందని ఐలీన్ గారు అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ మెల్లగా తల అడ్డంగా ఊపి, మా అమ్మ ఒక్కతే బిడ్డ, వేరే పిల్లలెవరూ లేరు అన్నారు. ఆవిడ గొంతులో నిరాశ ఉంది, కానీ కోపం లేదు. అమ్మ పక్కన గడ్డి మీద కష్టపడి కూర్చుని, ఇద్దరినీ ఫొటో తీయమన్నారు. ఇంటికెళ్లి పెద్దది చేసి చూసుకుంటానన్నారు. తీశాను.

నిజం చెప్పాలంటే తిరిగొచ్చే దారంతా అమ్మ మీద చిరాకుగా ఉంది. నాన్న గుర్తొచ్చారు, పేరైనా పెట్టని ఆ పిల్లాడు గుర్తొచ్చాడు. అమ్మ దిగులు అలా బయటపడింది, అంతే అనుకున్నాను. చిన్న రాయి చూసి చంటిపిల్ల అనుకుంది. ముసుగంటారా, ఏ పొదనో చూసి ఉంటుంది. అన్నిటికీ కారణం పెట్టేసుకున్నాను.

రెండు వారాల తర్వాత అమ్మని బీపీ మందుల కోసం క్లినిక్‌కి తీసుకెళ్లాను. కౌంటర్ దగ్గర అమ్మాయి మా ఇంటిపేరుతో వెతికి, ఫైల్ లేదంది. కిందటిసారి వచ్చాం కదా, సరిగ్గా చూడమన్నాను. లేదంది. అప్పుడు గుర్తొచ్చింది. అమ్మ పాస్‌పోర్టు పదో తరగతి సర్టిఫికెట్‌ని బట్టి తీసింది. అందులో ఉన్నది పుట్టింటి పేరు. ఇక్కడ అన్నీ ఆ పేరు మీదే. ఆ పేరు చెప్పగానే ఫైల్ వచ్చింది.

నేను కౌంటర్ దగ్గరే నిలబడిపోయాను. వెనకున్నాయన జరగమని దగ్గితే గానీ కదల్లేదు.

ఇంటికొచ్చి షూ కూడా విప్పకుండా లాప్‌టాప్ తెరిచాను. ఆ చర్చి సమాధుల పేజీలు మళ్లీ తీశాను, ఈసారి డూలన్ కాకుండా హెగర్టీ కోసం. నేను ముందే చదివి దాటేసిన పేజీలోనే ఉంది. పాత చర్చి పుస్తకాల్లో పెళ్లయిన ఆడవాళ్లని పుట్టింటి పేరుతో రాయడం మామూలేనని తర్వాత తెలిసింది. బాప్తిస్మం పేజీలో ఆ పేరు చూసి కూడా నాకు తట్టలేదు. వీసా కాగితాల నుంచీ అమ్మ పేరు అలాగే రాస్తున్నదాన్ని.

ఆ పేజీలో ఉన్నది ఇది. నోరా హెగర్టీ, డూలన్ భార్య. ఆమెతో పాటు అదే రోజు పుట్టి, పోయిన ఆడశిశువు. ఇద్దరినీ ఆమె మేనత్త బ్రిజెట్ సమాధి పక్కన పాతిపెట్టారు.

జ్వరం కాదు, కాన్పు. నాలుగేళ్ల పిల్లకి అది ఎవరు చెబుతారు?

నేను ఫోన్‌లో ఆ రోజు తీసిన ఫొటో తెరిచాను. అమ్మ, ఐలీన్ గారు, కడిగిన రెండు రాళ్లు. వాళ్ల వెనక, ఎడమవైపు, ఒక నిలువు రాయి కాస్త వంగి ఉంది. ఆ రోజు దాని వంక నేను చూడనే లేదు. పెద్దది చేశాను. మీద అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. బ్రిజెట్ హెగర్టీ.

గ్లెన్‌కి ఫోన్ చేశాను. ఆయన మర్నాడే వెళ్లి చూసి చెప్పాడు. బ్రిజెట్ రాయికి అటుపక్క కంచె, ఇటుపక్క మీ అమ్మగారు కడిగిన రాళ్లు, వేరే ఏమీ లేవు అన్నాడు.

ఐలీన్ గారికి చెప్పినప్పుడు ఆవిడ ఆ పేజీని మళ్లీ చదివించుకున్నారు. తర్వాత, మా అమ్మకి ఒక చెల్లెలు ఉందన్నమాట అన్నారు. లేచి మా ఇంటికొచ్చి, గారెలకి మినప్పప్పు కడుగుతున్న అమ్మ తడి చేతులు తుడుచుకునేలోపే పట్టుకుని ఏడ్చారు. ఆవిడ ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. అమ్మకి విషయం ఇంకా తెలియదు. అయినా ఆవిడ వీపు నిమురుతూ, "ఊరుకోండి అక్కగారూ, ఊరుకోండి" అంటూ ఉంది.

ఇల్లు అమ్ముడుపోయింది కానీ ఐలీన్ గారు కాల్గరీ ప్రయాణం వాయిదా వేశారు. చలికాలమంతా మా కింది అంతస్తు గదిలో ఉన్నారు. నేల మెత్తబడ్డాక మే నెలలో రాయి నిలబెట్టారు. నోరా హెగర్టీ డూలన్. దాని కింద, ఆమె చిన్న కూతురు. పాత రాళ్లని తీసేయకుండా కొత్తదాని ముందు అలాగే ఉంచారు.

ఆ రోజు ఐలీన్ గారు తన బ్యాగులోంచి మూడు కొవ్వొత్తులు తీశారు. నేను లెక్క తప్పిందనుకున్నాను. చలికాలంలో ఒకరోజు, అమ్మ ఆ బిస్కెట్టు ఎందుకు పెట్టిందని నన్ను అడిగితే, కాలువ గట్టు సంగతి చెప్పాను. ఆవిడ మర్చిపోలేదు. మూడో కొవ్వొత్తి అమ్మ చేతిలో పెట్టి, మీ అబ్బాయికి కూడా ఇక్కడ చోటుంది అని చెప్పమన్నారు. నేను తెలుగులోకి మార్చబోయాను. అమ్మకి అవసరం లేకపోయింది. కొవ్వొత్తి తీసుకుని, చిన్న రాయి పక్కన వెలిగించింది. తర్వాత నాతో అంది, "చీమలక్కాదే అది. నీకప్పుడు ఎలా చెప్పను?"

ఇప్పటికీ నాకు అర్థం కాని సంగతులున్నాయి. రాళ్లు చూసి చంటిపిల్ల ఉందని అమ్మ ఊహించి ఉండొచ్చు, ఒప్పుకుంటాను. కానీ అంత శ్మశానంలో ఆ మూలకే ఎందుకు వెళ్లింది? దీనికంటే నన్ను వదలనిది ఇంకొకటి. ఆవిడ రమ్మని పిలిచిందని అమ్మ చేత్తో చూపించింది కదా. అరచెయ్యి కిందికి పెట్టి, వేళ్లు లోపలికి ఆడించి చూపించింది. మనం అలాగే పిలుస్తాం. ఇక్కడివాళ్లు అలా పిలవరు, అరచెయ్యి పైకి పెట్టి పిలుస్తారు. ఐలీన్ గారిని అడిగాను, మీ పాతవాళ్లెవరైనా అలా పిలిచేవారా అని. ఎప్పుడూ చూడలేదన్నారు. అమ్మని మళ్లీ మళ్లీ అడిగాను. అడిగిన ప్రతిసారీ చెయ్యి అలాగే ఆడించింది. "మనలాగే పిలిచింది కాబట్టే వెళ్లా. లేపోతే తెలియనిచోట నేనెందుకెళ్తాను?" అంటుంది.

నాన్న ఉంటే టార్చి ఇచ్చి, వెళ్లి చూసి రమ్మనేవారు. వెళ్లాను, చూశాను. రెండు రాళ్లున్నాయి, వాటి పక్కన రిజిస్టరులో ఉన్న పేరే ఉంది. అంతకు మించి నాకేమీ కనబడలేదు, అమ్మ అబద్ధం చెప్పదని కూడా నాకు తెలుసు.

ఈ నవంబరులో మళ్లీ వెళ్లాం. పీచు, నీళ్లు, చామంతులు, మూడు కొవ్వొత్తులు. తిరిగొస్తుంటే కాల్గరీ నుంచి ఫోన్ వచ్చింది. మూడూ వెలిగించారా అని ఐలీన్ గారు అడిగారు. అమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, "వెలిగించాం అక్కగారూ, గాలికి ఒక్కటీ ఆరలేదు" అని తెలుగులో చెప్పింది. అవతల ఆవిడకి అర్థమైంది.

మా అన్నకి ఇప్పుడొక చోటు ఉంది.